మధురలో ఒక రాత్రి ఉండండి

పోయిన నెల రామేశ్వరం గురించి రాస్తూ చివర్లో మధుర (మీనాక్షి అమ్మవారి మదురై) మాట ఎత్తాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల పదకొండేళ్లు ఆ ఊళ్లో, తెప్పకుళం (తెప్పోత్సవం జరిగే పెద్ద కోనేరు) పక్క సందులో అద్దెకు ఉన్నాం. పిల్లలిద్దరూ అక్కడే చదువుకున్నారు. అందుకని ఈసారి మిగతా ఊళ్లు పక్కన పెట్టి మధుర ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను.

*మేము ఎనిమిది మందిమి రామేశ్వరం, మధుర, కన్యాకుమారి టూర్ మాట్లాడుకుంటున్నాం. మధురకు మూడు గంటలు ఇచ్చారు. ‘ఉన్నది గుడి ఒక్కటే కదా, చాలు’ అంటున్నాడు ఏజెంటు. నిజంగా చాలుతుందా అండీ? (ఒక పాఠకురాలు, ఒంగోలు)*

చాలదండీ. మీ ఏజెంటు కాగితం ఒకసారి తీసి మధురకు ఏ టైముకు చేరతారో చూడండి. రామేశ్వరంలో తెల్లవారుజామునే ఇరవై రెండు తీర్థాల స్నానం, దర్శనం, టిఫిన్ అయ్యి బస్సు కదిలేసరికి ఎనిమిదిన్నర. మధుర అక్కడికి నూట డెబ్బై కిలోమీటర్లు. మధ్యలో టీకి ఆగుతారు. ఎంత తొందరపడినా చేరేసరికి పన్నెండు దాటుతుంది. గుడి పన్నెండున్నరకు మూస్తారు. మళ్లీ తీసేది సాయంత్రం నాలుగింటికి. కన్యాకుమారికి ఇంకా రెండు వందల నలభై కిలోమీటర్లు వెళ్లాలి కాబట్టి మూడింటికల్లా బస్సు ఎక్కమంటారు. అంటే మీకిచ్చిన ఆ మూడు గంటలూ తలుపులు వేసి ఉండే గంటలే.

ఇది నాకు జరిగింది. మేము ఆ ఊరికి కాపురం వెళ్లకముందు, మా అమ్మను ఇలాంటి టూరులోనే తీసుకెళ్లాను. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గితే అమ్మ మధుర మీనాక్షికి మొక్కుకుంది. పసుపు గుడ్డలో పదకొండు రూపాయి బిళ్లలు ముడుపు కట్టి, ఇరవై ఏళ్లకు పైగా దేవుడి గూట్లో దాచింది. బస్సు దిగి మేము తూర్పు గోపురం దగ్గరికి పరుగెత్తేసరికి తలుపు వేస్తున్నారు. మే నెల. రాతి పలకల మీద కాలు ఆనడం లేదు. అమ్మ ఒక కొట్టు అరుగు నీడలో కూర్చుని గోపురం వంక చూస్తూ ఉండిపోయింది. నాలుగింటి దాకా ఆగండయ్యా, పెద్దావిడ మొక్కు అని ఎంత బతిమాలినా టూరు మనిషి ఒప్పుకోలేదు. మూడింటికి అమ్మ లేచి, గోపురానికే దణ్ణం పెట్టి, ముడుపు మళ్లీ బొడ్లో దోపుకుని బస్సెక్కింది. కన్యాకుమారి చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

రెండేళ్లకు మా ఆయనకు మధుర ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సామాన్లు సర్దకుండానే అమ్మకు ఫోన్ చేశాను. అదే ముడుపుతో వచ్చింది. ఈసారి హడావిడి లేకుండా సాయంత్రం ఐదింటికి వెళ్లి, ముడుపు చెల్లించి, కోనేటి మెట్ల మీద కూర్చుని, రాత్రి పవ్వళింపు సేవ దాకా అక్కడే ఉన్నాం. దాన్ని అక్కడ పళ్లియరై పూజ అంటారు. తొమ్మిది దాటాక జనం పలచబడతారు. సుందరేశ్వరుడి, అంటే అక్కడి శివుడి, సన్నిధి నుంచి ఆయన పాదుకలను చిన్న వెండి పల్లకిలో బయటికి తెస్తారు. ముందు నాదస్వరం, డోలు, దివిటీలు, సాంబ్రాణి పొగ. రోజూ రాత్రి స్వామి ఇలా అమ్మవారి గదికి వెళ్తాడు. పల్లకి మా పక్క నుంచి పోతుంటే అమ్మ రెండు చేతులూ జోడించి, ‘అల్లుడుగారు ఇంటికొస్తున్నారే’ అంది. పెళ్లి చేసిన తల్లి గొంతుతో అంది ఆ మాట. నేను ఆ గుడికి ఎన్ని వందల సార్లు వెళ్లానో లెక్కలేదు కానీ, అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

కాబట్టి ఏజెంటుతో గట్టిగా చెప్పండి. మధ్యాహ్నం మధుర చేరి, లాడ్జిలో పడుకుని, సాయంత్రం గుడికి వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే కన్యాకుమారికి బయల్దేరేలా మార్చమనండి. ఒప్పుకోకపోతే ఆ టూరు మానేయండి. ఎనిమిది మంది ఉన్నారు కదా, ఒక వ్యాను మాట్లాడుకుంటే మీ ఇష్టప్రకారం తిరగొచ్చు.

*మా అత్తగారికి డెబ్బై ఆరు. మోకాళ్ల నొప్పులు. గుడి చాలా పెద్దదట, నడవగలరా అని టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, సూర్యాపేట)*

పెద్దదే. పధ్నాలుగు గోపురాలున్న గుడి. కానీ ఆవిడ అంతా తిరగక్కర్లేదు. తూర్పు చిత్తిరై వీధిలో అమ్మవారి సన్నిధికి ఎదురుగా ఉన్న గుమ్మం నుంచే లోపలికి వెళ్లండి. నడక అక్కడి నుంచే తక్కువ. వీల్ చైర్ కావాలంటే చెకింగ్ దగ్గరే అడగండి. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. చెప్పులతో పాటు అదీ బయటే అప్పజెప్పాలి. అందుకే ఒకవేళ తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. పొట్రామరై కుళం, అంటే బంగారు తామర కోనేరు, దాని మెట్లు అని చెప్పుకుంటే చాలు. ఎవరినడిగినా చూపిస్తారు.

మధ్యాహ్నం ఎండలో బయటి ప్రాకారాల రాయి కాలిపోతుంది, ఆ వేళ అసలు వద్దు. శుక్రవారం సాయంత్రం అయితే కోనేటి గట్టున ఊంజల్ మండపంలో అమ్మవారికీ స్వామికీ ఊయల సేవ ఉంటుంది. మీ అత్తగారు మెట్ల మీద కూర్చునే చూడొచ్చు. రద్దీ ఉంటుంది కానీ కూర్చున్న పెద్దవాళ్లను అక్కడ ఎవరూ లేవగొట్టరు.

*ముందు అమ్మవారిని, తర్వాతే స్వామిని చూడాలంటారు. శివాలయంలో ఇదేం పద్ధతి? లోపల తప్పకుండా చూడాల్సినవి ఏమిటి? (ఒక పాఠకుడు, అనంతపురం)*

ఆ ఊరు అమ్మవారిది కాబట్టి. స్థలపురాణం ప్రకారం మీనాక్షి పాండ్య రాజు కూతురు, పట్టం కట్టుకుని రాజ్యం ఏలిన రాణి. సుందరేశ్వరుడు ఆవిడను పెళ్లాడి వచ్చిన అల్లుడు. ఇప్పటికీ చైత్రంలో, అక్కడి వాళ్ల చిత్తిరై నెలలో, అమ్మవారికి పట్టాభిషేకం చేసి రాజదండం ఇస్తారు. నాలుగు నెలల పాలన ఆవిడది. ఆవణి నెలలో దండం స్వామి చేతికి మారుతుంది, మిగతా ఎనిమిది నెలలు ఆయనవి. మధురలో ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటైతే ‘మీ ఇంట్లో మీనాక్షి రాజ్యమా, చిదంబరమా’ అని అడుగుతారు. చిదంబరం అంటే మగవాడి మాట నెగ్గే ఇల్లని.

చూడాల్సినవి అన్నారు. దక్షిణ గోపురం అన్నిటికన్నా ఎత్తు, నూట డెబ్బై అడుగులు. దాన్ని కోనేటి అవతలి గట్టున నిలబడి చూడండి, కిందికి వెళ్తే మెడ నొప్పి తప్ప ఏమీ కనపడదు. కోనేట్లో చేపలు ఉండవని, ఒక కొంగకు శివుడిచ్చిన వరం వల్లనని కథ. పూర్వపు తమిళ కవుల సభ అయిన సంఘం కాలంలో కవిత్వానికి పరీక్ష పెట్టింది కూడా ఆ కోనేరేనని చెప్పుకుంటారు, నిలవదగ్గ కవిత్వాన్నే నీళ్లలో తేలే సంఘం పలక మోసేదట. స్వామి సన్నిధికి వెళ్లే దారిలో ముక్కురుణి పిళ్లైయార్ ఉంటాడు. తెప్పకుళం తవ్వుతుంటే దొరికిన వినాయకుడు. వినాయక చవితికి మూడు కురుణిల బియ్యంతో, అంటే పద్దెనిమిది పడుల బియ్యంతో ఒకే ఒక్క కుడుము చేసి నైవేద్యం పెడతారు. మా పిల్లలు ఏడాదంతా ఆ కుడుము గురించే మాట్లాడుకునేవాళ్లు.

వేయి కాళ్ల మండపం 1569లో నాయక రాజుల మంత్రి అరియనాథ మొదలియార్ కట్టించాడు. ఉన్నవి 985 స్తంభాలు. అందులో తొందరపడకండి. ఒక్కొక్క వరుస మధ్య నిలబడితే స్తంభాలు ఎటు చూసినా సూటిగా సాగిపోతాయి. నేనైతే ఆ మండపానికే ఒక గంట కేటాయించమంటాను.

ఇంకొక్క సంగతి. 1939 జూలై 8 దాకా ఈ గుడిలోకి దళితులకు ప్రవేశం లేదు. ఆ రోజు స్వాతంత్ర్య సమరయోధుడు వైద్యనాథ అయ్యర్ వాళ్లను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. అందరికీ తలుపు తెరిచాకే గాంధీగారు 1946లో ఆ గుడిలో అడుగుపెట్టారు. మా పిల్లలకు అమ్మవారి కథతో పాటు ఇది కూడా చెప్పాను. మీరూ చెప్పండి.

*లాడ్జి వాళ్లు చెప్పే వీధుల పేర్లు అర్థం కావడం లేదు. మేల మాసి, కీళ మాసి అంటున్నారు. గుడికి దగ్గర ఏది? (ఒక పాఠకుడు, కాకినాడ)*

ఇది తెలిస్తే మధురలో ఎవరూ తప్పిపోరు. గుడి నడిమధ్య ఉంటుంది, చుట్టూ చదరంగా ఒక దాని చుట్టూ ఒకటి వీధులు. వాటి పేర్లు తమిళ నెలలవి. గోడ లోపల ఆడి వీధులు, బయట చిత్తిరై, తర్వాత ఆవణి మూల, ఆ తర్వాత మాసి, అన్నిటికీ బయట వెళి వీధులు (వెళి మాత్రం నెల కాదు, బయట అని). ఇక దిక్కులు: కీళ అంటే తూర్పు, మేల అంటే పడమర, వడక్కు ఉత్తరం, తెర్కు దక్షిణం. కీళ్, మేల్ అంటే కింద, మీద అనే. ఆ దేశమంతా పడమటి కనుమల నుంచి తూర్పు సముద్రానికి వాలుగా ఉంటుంది కదా, వాళ్లకు పడమర ఎప్పుడూ మీదే.

స్టేషన్ మేల వెళి వీధిలో ఉంది. ఎదురుగా టౌన్ హాల్ రోడ్డు పట్టుకుంటే పావుగంటలో గుడి పడమటి గోపురం. ఆ రోడ్డులోనో, పక్కన మేల పెరుమాళ్ మేస్త్రి వీధిలోనో గది తీసుకోండి, ఆటో ఖర్చు ఉండదు. మేల మాసి వీధిలో గాంధీగారు 1921 సెప్టెంబర్ 22న చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డకు మారిన ఇల్లు కూడా ఉంది, దారిలోనే ఆగి చూడొచ్చు.

*మధురను తెలుగు రాజులు ఏలారని విన్నాను. అక్కడ ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారా? (ఒక విద్యార్థిని, వరంగల్)*

ఉన్నారమ్మా, చాలామంది. నీ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న.

విజయనగరం వాళ్ల తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో మధురకు వచ్చాడు. అక్కణ్ణించి 1736 దాకా నాయకుల పాలన. వాళ్ల ఇంటి భాష తెలుగు. తెలుగు వచనం వాళ్ల కొలువులో బాగా పెరిగింది. అందరిలోకీ పేరున్నవాడు తిరుమల నాయకుడు, 1623 నుంచి 1659 దాకా ఏలాడు. గుడికి తూర్పున ఉన్న పుదు మండపం ఆయన కట్టించిందే. మేమున్న రోజుల్లో దాని నిండా దర్జీల కొట్లు, కుట్టుమిషన్ల చప్పుడు. అక్కడి స్తంభాలకు నాయక రాజులు నిలువెత్తు శిల్పాలై చేతులు జోడించి ఉంటారు. తిరుమల నాయకుడి బొజ్జ, పక్కన రాణులు, చూడగానే గుర్తుపడతావు. రాజులు దేవుడి ముందు దణ్ణం పెడుతూ నిలబడి ఉంటే, అప్పట్లో దర్జీలు వాళ్ల పాదాల దగ్గర పరికిణీలు కుట్టేవాళ్లు. నేను అక్కడే మా అమ్మాయికి పట్టు లంగా కుట్టించాను.

తిరుమల నాయకుడి మహల్ 1636 నాటిది. ఇప్పుడు కనిపించేది అసలు దాంట్లో నాలుగో వంతేనంటారు. మనవడు చొక్కనాథుడు చాలా భాగం విప్పి తిరుచిరాపల్లికి తరలించాడు. రాణి మంగమ్మ పేరు కూడా గుర్తుపెట్టుకో. తన మనవడు పసివాడైతే రాజ్యం తానే నడిపింది. ఆవిడ పేరున సత్రం స్టేషన్ ఎదురుగా ఇప్పటికీ ఉంది. ఆవిడ రాజభవనంలోనే 1959 నుంచి గాంధీ మ్యూజియం నడుస్తోంది. ఆఖరి రాణి పేరు ఏమిటో తెలుసా? మీనాక్షి.

ఇక భాష సంగతి. మా పక్కింటి మామ్మగారిది ఆ కాలంలో వచ్చిన తెలుగు కుటుంబమే. మేము దిగిన మూడో రోజు నేను పిల్లాణ్ణి తెలుగులో కేకలేస్తుంటే గోడ మీదుగా తొంగిచూసి, ‘మీరూ మనవాళ్లేనా?’ అంది. నాలుగు వందల ఏళ్లుగా ఆ ఊళ్లో ఉన్న కుటుంబం, నిన్నగాక మొన్న సామాను దించిన నన్ను ‘మనవాళ్లు’ అంది. ‘మాకు మాట్లాడను వస్తుంది గానీ చదవను, రాయను రాదమ్మా’ అని చెప్పుకుంది. ఇంటికి తెలుగు పత్రిక వచ్చినప్పుడల్లా వచ్చి కూర్చునేది. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వినేది. మధ్యలో తెలియని మాట వస్తే ఆపి, ‘దాన్ని మేము ఇట్లా అంటాము’ అని తన మాట చెప్పేది. వాటిలో కొన్ని మా నాయనమ్మ నోట విన్నవి, నేను మర్చిపోయినవి. నువ్వు మధుర వెళ్తే పూలకొట్టు దగ్గరో, పచారీ కొట్టు దగ్గరో తెలుగులో మాట్లాడి చూడు. ఎవరో ఒకరు పలుకుతారు. వాళ్ల తెలుగు వినడానికి వేరుగా ఉంటుంది, నవ్వొద్దు. బడి లేకుండా, పుస్తకం లేకుండా ఇంట్లో ఆడవాళ్ల నోటి మీద నిలబెట్టుకున్న భాష అది.

*చిత్తిరై ఉత్సవాలకు చిన్నపిల్లలతో వెళ్లొచ్చా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)*

మీనాక్షి కల్యాణానికి, రథానికి వెళ్లొచ్చు, పిల్లల్ని చంకలో పెట్టుకుని కాస్త దూరంగా మాసి వీధిలో నిలబడితే. చైత్ర పున్నమికి అళగరు వైగై నదిలో దిగే ఘట్టానికి మాత్రం చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. 2022లో అక్కడ తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. పెద్దవాళ్లయినా తెల్లవారుజామున నది ఒడ్డుకు దూరంగా, వెనక్కి పోయే దారి చూసుకుని నిలబడాలి.

అళగరు అంటే అమ్మవారి అన్నగారు, విష్ణువు. చెల్లెలి పెళ్లికని కొండ నుంచి బయల్దేరి వస్తాడు. ఏటి దగ్గరికి వచ్చేసరికి పెళ్లి అయిపోయిందని తెలిసి, ఊళ్లోకి రాకుండానే వెనక్కి వెళ్లిపోతాడు. బంగారు గుర్రం మీద వస్తాడు. ఒంటి మీద పట్టు ఏ రంగుదో అని లక్షల మంది చూస్తారు, ఆకుపచ్చదైతే ఆ ఏడు వానలు బాగా పడతాయని. భక్తులు తోలు తిత్తులతో నీళ్లు చిమ్ముతారు. ఆ నీళ్లు నా మొహం మీద పడ్డ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. పిల్లలు పెద్దయ్యాక తప్పకుండా చూపించండి.

*ఎప్పుడు వెళ్లాలి? అక్కడ ఏం తినాలి? (ఒక పాఠకురాలు, తిరుపతి)*

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్, నవంబర్‌లో వానలు, ఏప్రిల్ నుంచి ఎండ. థై పూసానికి (జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే పండుగ) వెళ్తే తెప్పకుళంలో తెప్పోత్సవం కూడా చూడొచ్చు.

రాత్రి ఇడ్లీ తినండి, నాలుగైదు రకాల చట్నీలతో వేడివేడిగా పెడతారు. జిగర్‌తండా అందరూ చెబుతారు. పాలు, బాదం బంక, నన్నారి షర్బత్, పైన ఐస్‌క్రీమ్. నన్నారి అంటే మన సుగంధిపాలే. నేను మాత్రం పరుత్తి పాలు తాగమంటాను. పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లం, శొంఠి, కొబ్బరి వేసి కాస్తారు. సాయంత్రం బండి మీద ఇత్తడి బిందెలో పొగలు కక్కుతూ ఉంటుంది. మా ఆయనకు జలుబు చేస్తే అదే మందు.

*ఇంటికి ఏం తెచ్చుకోవాలి? సుంగుడి చీరల్లో అసలుది ఎలా గుర్తుపట్టాలి? (ఒక పాఠకురాలు, విజయనగరం)*

గుడ్డను గోటితో చిటికెడు పట్టి, దారంతో ముడి కట్టి, రంగులో ముంచుతారు. ముడి విప్పితే అక్కడ తెల్ల చుక్క. చీరంతా ఇలా వేల ముడులు. చేత్తో కట్టిన చుక్కలు అన్నీ ఒక్క సైజులో ఉండవు, చుక్క దగ్గర గుడ్డ కాస్త ముడతపడి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. అన్నీ ఒకేలా, నున్నగా ఉంటే అది అచ్చు వేసింది. దానికి ధర తక్కువ ఇవ్వండి. ఈ పని చేసే సౌరాష్ట్రులు గుజరాత్ వైపు నుంచి వచ్చి మధురలో స్థిరపడ్డవాళ్లు. దారిలో విజయనగర రాజ్యంలో ఉండి వచ్చారు కాబట్టి వాళ్ల భాషలో మన మాటలు దొర్లుతాయి.

చీర కొన్నా కొనకపోయినా మల్లెపూలు మాత్రం తెచ్చుకోండి. మధుర మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేక మందం, కాడ గట్టిది, రెండో రోజుకు కూడా వాడదు. రాత్రి కొనొద్దు, అప్పటికే విచ్చుకుని ఉంటాయి. పొద్దున్నే తెల్లగా, గట్టిగా ఉన్న మొగ్గల దండ మూరల లెక్కన కొని, అరిటాకులో చుట్టించండి. పొద్దున బయల్దేరే వైగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. అక్కడ సాయంత్రం మన వైపు రైలెక్కి గూడూరు దాటుతుండగా అరిటాకు విప్పండి. అప్పుడే విచ్చుకుంటూ ఉంటాయి.